పూతల కాలంలో పుప్పొడి అలర్జీ: చేయవలసినవి – చేయకూడనివి

మాఘం చివరి నుంచి చైత్రం దాకా చాలా ఇళ్లలో ఒకరిద్దరికి తెల్లారుతూనే తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా ఏడెనిమిది. ముక్కు నుంచి నీళ్లు ధారగా కారతాయి. కళ్లు ఎర్రబడి దురదపెడతాయి. అంగిలి లోపల నాలుకతో గీరుకోవాలనిపిస్తుంది. ‘సీజన్ మారింది, జలుబు చేసింది’ అనుకుని మందుల షాపుకెళ్లి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. వారమైనా తగ్గదు. ఇంకో రకం మాత్రలు, ఆ పైన యాంటీబయాటిక్ కోర్సు. ఏప్రిల్ దాటి పూతలు రాలిపోయాక బాధ దానంతటదే తగ్గితే, ఆ పేరు చివర్లో వాడిన మందుకు పోతుంది. మరుసటి ఏడాది మళ్లీ మొదటికే వస్తారు.

అన్నిటికంటే ముందు వదిలించుకోవాల్సింది ఈ అలవాటునే.

జలుబు అనుకుని ఊరుకోకండి

జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. వారం పది రోజుల్లో పోతుంది. పుప్పొడి అలర్జీలో జ్వరం ఉండదు. దురద ఉంటుంది, అదీ ముక్కు, కళ్లు, అంగిలి, చెవి లోపల. పుప్పొడి గాలిలో ఉన్నన్నాళ్లూ బాధ ఉంటుంది, ఏటా దాదాపు అదే నెలలో తిరిగొస్తుంది. పిల్లల్లో ఇంకో గుర్తు కనిపిస్తుంది. అరచేత్తో ముక్కుకొసను పైకి నెట్టి పదేపదే రుద్దుకుంటారు. అలా రుద్దగా రుద్దగా ముక్కు మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది, కళ్ల కింద నలుపు దిగుతుంది. టీచర్లు, అమ్మమ్మలు ఈ గీతను గమనిస్తే చాలు, పిల్లవాడికి సగం వైద్యం జరిగినట్టే.

మన శరీరం పుప్పొడిలోని ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడటం వల్ల ఇదంతా జరుగుతుంది. రేణువు తడి ముక్కుపొరకు తగిలిన నిమిషాల్లోనే అక్కడి కణాలు హిస్టమిన్ వదులుతాయి. తుమ్ము, దురద, నీరు కారడం అన్నీ దాని పనే. బ్యాక్టీరియాకు ఇందులో పాత్ర లేదు కాబట్టి యాంటీబయాటిక్‌తో ఒరిగేదేమీ ఉండదు. ముక్కు వెంట చిక్కటి పచ్చటి చీమిడి, ముఖం ఒకవైపు నొప్పి, జ్వరం కలిసి వస్తే సంగతి వేరు. సైనస్‌కు ఇన్‌ఫెక్షన్ సోకిందేమో డాక్టరు చూడాలి.

అందమైన పూలను అనుమానించకండి

ఎర్రగా విరగబూసిన మోదుగనో, బూరుగునో, మామిడి పూతనో చూపించి ‘దీనివల్లే’ అంటుంటారు. రంగు, వాసన, తేనె ఉన్న పూలు పురుగులను, పిట్టలను పిలుచుకుంటాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి గాలిలో ఎక్కువ దూరం పోదు. మల్లెల ఘాటుకో, మామిడి పూత వాసనకో కొందరికి ముక్కు చిరాకు పెడుతుంది. అయితే అది వాసన పని, పుప్పొడి అలర్జీ కాదు. అసలు దోషులు ఎవరూ తలెత్తి చూడని పూలు. నెమలినార చెట్టు మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, పూసినట్టు కూడా తెలియని చిన్నచిన్న పూలతో గాలి నిండా పుప్పొడి చల్లుతుంది. కోస్తాలో సరుగుడు తోటలు, ఊరి చివర పోతుతాళ్లు, ఈతచెట్లు, అన్నిచోట్లా గరిక జాతి గడ్డి, చెరువు గట్లనూ బీళ్లనూ కమ్మేసిన సర్కారు తుమ్మ కూడా ఈ వరసలోవే. సర్కారు తుమ్మ మీద తేనెటీగలూ వాలతాయి, అయినా దాని పుప్పొడి గాలిలో బాగానే దొరుకుతుంది.

ఇక వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950లలో పుణే దగ్గర కనిపించిన ఈ అమెరికా ఖండపు కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. కాస్త తడి ఉంటే ఏడాదంతా పూస్తుంది. పుప్పొడి ముక్కుకు పడదు, ఆకు తగిలితే చర్మానికి పడదు. దీనివల్ల మెడ మీద, మోచేతి మడతల్లో దద్దుర్లు వచ్చే రైతులకు దీని చుట్టాలైన చామంతి జాతి పూలూ ఒక్కోసారి పడవు.

నగరాల్లో రోడ్డు మధ్య డివైడర్ల మీద ఏపుగా పెరిగే కోనోకార్పస్ గురించి చాలామంది అడుగుతున్నారు. ఎర్ర సముద్ర తీరం నుంచి వచ్చిన ఈ చెట్టును నాటవద్దని గుజరాత్ 2023లో ఆదేశించింది, తెలంగాణలోనూ దీన్ని ఆపమన్నారు. దీని పుప్పొడి ఎంత హాని చేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాట కాదు. ఉన్న చెట్లన్నిటినీ భయంతో నరికేయమని నేననను. కానీ కొత్తగా నాటేటప్పుడు బడి, ఆస్పత్రి, అపార్ట్‌మెంట్ కిటికీల పక్కన వేప, కానుగ, పొగడ వంటివి ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకోవాలి?

మందు ముందే మొదలెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి. ఏటా ఏ నెలలో మీకు మొదలవుతుందో క్యాలెండర్ మీద రాసుకోండి. దానికి రెండు వారాల ముందే డాక్టరును కలిసి ముక్కు స్ప్రే మొదలెట్టండి. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు పుప్పొడి అలర్జీకి ఉన్నవాటిలో బాగా పనిచేసే మందులు. అయితే అవి కొట్టగానే ఉపశమనం ఇచ్చేవి కావు. పూర్తి ఫలితానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మూడు రోజులు వాడి ‘పనిచేయలేదు’ అని మూలన పడేసినవాళ్లే ఎక్కువ. సీజన్ పొడుగునా, తుమ్ములు లేని రోజు కూడా వాడితేనే దాని విలువ తెలుస్తుంది.

స్టెరాయిడ్ అనగానే భయపడనక్కర్లేదు. స్ప్రేలో ఉండేది మైక్రోగ్రాముల్లో, పనిచేసేది ముక్కుపొర మీద. భయపడాల్సింది ఇంజెక్షన్‌కు. ‘ఒక్క సూదితో సీజనంతా హాయి’ అని పల్లెల్లో, బస్తీల్లో వేసే ఇంజెక్షన్లు చాలామటుకు నిదానంగా వారాల తరబడి రక్తంలోకి దిగే స్టెరాయిడ్లే. హాయి నిజమే, దాంతోపాటు షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, వేసినచోట కండ గుంటపడటం కూడా నిజమే. ఏటేటా వేయించుకునేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ సూది వద్దని గట్టిగా చెప్పండి.

స్ప్రే కొట్టే తీరు చాలామందికి ఎవరూ చూపించరు. ముందు ముక్కు చీది శుభ్రం చేసుకోవాలి. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోవాలి. అలా చేస్తే మొన దానంతటదే అదే వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. ముక్కు మధ్య గోడకేసి కొడితే అది ఎండి రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చొద్దు, మెల్లగా పీలిస్తే చాలు. ఎగపీల్చిన మందు గొంతులోకి పోతుంది, ముక్కుకు అందదు.

బిగుసుకున్న ముక్కును క్షణంలో తెరిచే చుక్కల మందులు వేరు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అని సీసా మీద ఉంటుంది. వీటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకండి. దాటితే మందు దిగగానే ముక్కు మునుపటికంటే బిగుస్తుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి దిండు కింద ఆ సీసా లేనిదే నిద్రపట్టని మనుషులు ఉన్నారు. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

పరీక్షల నెలలో మత్తు మాత్రలు వద్దు

మన రాష్ట్రాల్లో ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఈ పూతల కాలంలోనే వస్తాయి. తుమ్ముతున్న పిల్లాడికి పరీక్ష పొద్దున ఇంట్లో ఉన్న జలుబు మాత్ర వేసి పంపడం మామూలు. చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది నిద్ర తెస్తుంది. నిద్ర రాలేదనిపించినా చురుకుదనాన్ని తగ్గిస్తుంది. బ్రిటన్‌లో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, అలర్జీ బాధతో పరీక్ష రాసిన పిల్లలు ముందటి నమూనా పరీక్షకంటే కింది గ్రేడు తెచ్చుకునే అవకాశం ఎక్కువని తేలింది. మత్తు మాత్ర వేసుకున్నవారిలో అది ఇంకా ఎక్కువ. కాబట్టి బాధను వదిలేయడమూ తప్పే, ఏదో ఒక మాత్రతో అణచడమూ తప్పే.

ఫిబ్రవరిలోనే డాక్టరుకు చూపించి స్ప్రే మొదలెట్టించండి. మాత్ర అవసరమైతే మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వంటివి అడగండి. సెటిరిజిన్ కొందరికి నిద్ర తెస్తుంది, రాత్రిపూట వేసుకోవడం మేలు. ఏ మాత్రైనా పరీక్ష రోజే మొదటిసారి వేయకండి. ఫెక్సోఫెనడిన్‌ను నీళ్లతోనే మింగాలి. నారింజ, యాపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. బస్సు, లారీ, ఆటో నడిపేవారికి, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవారికి కూడా పాతకాలపు మత్తు మాత్రలు పనికిరావు.

ఇంకో మాట. అలర్జీ అనగానే మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర రాయడం, చీటీ లేకుండా షాపులో ఇవ్వడం మన దగ్గర మరీ మామూలైపోయింది. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా మనసు మీద దాని ప్రభావం ఉండొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందు మీద వేయించింది. ఆస్తమాకు డాక్టరు చూసి రాస్తే వాడండి, అడగకుండా ఆపకండి. కానీ తుమ్ములకు సొంతంగా కొనుక్కోకండి. పిల్లలు వాడుతున్నప్పుడు ప్రవర్తన మారితే వెంటనే డాక్టరుకు చెప్పండి.

జలనేతి చేయండి, కుళాయి నీళ్లతో మాత్రం కాదు

ఉప్పునీళ్లతో ముక్కు కడగడం యోగాభ్యాసం ఉన్నవారికి తెలిసిందే. ఇది నిజంగా మేలు చేస్తుంది, రేణువులను కడిగేస్తుంది, గర్భిణులకు కూడా మొదట ప్రయత్నించదగ్గది. అర లీటరు నీటికి చిన్న చెంచాడు ఉప్పు సరిపోతుంది. నీళ్ల విషయంలో మాత్రం రాజీ లేదు. మరగకాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. 2011లో అమెరికాలోని లూయిజియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు చేరిన అమీబా వల్ల చనిపోయారు. తాగితే ఏమీ చేయని ఆ సూక్ష్మజీవి ముక్కు ద్వారా వెళ్తే ప్రాణం తీస్తుంది. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, ఆర్వో నీళ్లు, కొనుక్కునే క్యాన్ నీళ్లు ఏవైనా సరే, మరిగించనిదే ముక్కులో పోయకండి. పాత్రను కడిగి ఆరబెట్టండి, ఒకరిది ఇంకొకరు వాడొద్దు.

పిల్లలకు మరిగే నీళ్ల గిన్నె ముందు పెట్టి దుప్పటి కప్పి ఆవిరి పట్టించకండి. ఆవిరి అలర్జీని తగ్గించదు, గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుంది. పసివాళ్ల ముక్కులో కర్పూరం, ఆవనూనె వద్దు. స్థానిక తేనె తింటే పుప్పొడి అలర్జీ పోతుందన్న మాటకు ఆధారం లేదు, ఏడాది నిండని పిల్లలకు తేనె అసలే పెట్టకూడదు.

ఇంట్లో, బయట

గాలి వీచే పొడి రోజుల్లో పొద్దుటి పూట పుప్పొడి ఎక్కువ. నడక ఆ వేళ కాకుండా చూసుకోండి. వాన పడి వెలిసిన మర్నాడు ఎక్కువమందికి హాయిగా ఉంటుంది. బండి మీద హెల్మెట్ అద్దం దించుకోండి, ఎన్‌95 మాస్కు పెట్టుకోండి. ముఖానికి స్కార్ఫ్ కట్టుకునేవారు దాన్ని రోజూ ఉతకాలి. నిన్నటి స్కార్ఫ్‌ను ఇవాళ ముక్కుకు చుట్టుకుంటే నిన్నటి పుప్పొడినే పీల్చినట్టు.

ఇంటికి రాగానే బట్టలు మార్చి, ముఖం కడిగి, వీలైతే తలస్నానం చేసి పడుకోండి. జుట్టులోంచి దిండు మీదికి రాలిందే రాత్రంతా ముక్కులోకి పోతుంది. దుప్పట్లు, దిండు గలీబులు డాబా మీద ఆరేయకండి. డాబా మీద పడుకునే అలవాటును ఈ రెండు మూడు నెలలు పక్కన పెట్టండి. ఎయిర్ కూలర్ బయటి గాలినే లోపలికి లాగుతుంది కాబట్టి అలర్జీ ఉన్నవారి గదికి అది మంచిది కాదు. ఏసీ ఉంటే ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి. చీపురుతో ఊడ్చే ముందు తడిగుడ్డ పెట్టండి. అగరొత్తులు, దోమల కాయిల్, మిరపకాయల తాలింపు ఘాటు అలర్జీని పుట్టించవు గానీ, ఇప్పటికే వాచిన ముక్కును రెచ్చగొడతాయి. ఉగాది పచ్చడికి వేపపూత దులిపి ఏరే పని అలర్జీ లేనివారికి అప్పగించండి.

వయ్యారిభామను పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతికి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. పూసిన మొక్కను పీకితే పుప్పొడి ముఖాన పడుతుంది, వేల గింజలు నేలన పడతాయి. పంట లేని జాగాలో లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండపూట చల్లితే మొక్క మాడిపోతుంది. అలర్జీ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి, శ్రమదానమైనా సరే.

కళ్లు నులమకండి

కళ్ల దురదకు చల్లటి తడిగుడ్డ, కృత్రిమ కన్నీళ్ల చుక్కలు, కంటి డాక్టరు రాసిన అలర్జీ చుక్కలు వాడండి. కాంటాక్ట్ లెన్సులు ఈ కాలంలో మానేసి అద్దాలు పెట్టుకోండి. ఏళ్ల తరబడి గట్టిగా నులిమే పిల్లల్లో కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు రావచ్చు, చూపు చెడుతుంది. అంతకంటే ఘోరం, ఇదివరకు రాసిన స్టెరాయిడ్ చుక్కలను ఎర్రబడినప్పుడల్లా షాపులో కొని వేయడం. వాటితో ఎరుపు వెంటనే పోతుంది. కానీ కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు పిల్లల వయసులోనే రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

వలస వెళ్లినవారు, ఉరుముల సాయంత్రం

విదేశాలకు వెళ్లిన మనవాళ్లు చెప్పేది ఒకటే. ‘ఇండియాలో ఎప్పుడూ లేదు, ఇక్కడికొచ్చిన మొదటి ఏడాదీ లేదు.’ నిజమే. కొత్త పుప్పొడిని శరీరం గుర్తుపట్టి, దాన్ని శత్రువని తేల్చుకోవడానికి కొన్ని వసంతాలు పడుతుంది. అమెరికాలోని అట్లాంటాలో కార్లమీద పచ్చగా పరుచుకునే పైన్ పొడి కంటికి కనబడుతుంది గానీ బాధ ఎక్కువగా అదే సమయంలో పూసే ఓక్, బర్చ్ వల్ల. ఆస్టిన్ వైపు సీడార్ బాధ డిసెంబరు, జనవరిలోనే మొదలవుతుంది. అక్కడ పుప్పొడి లెక్క వాతావరణ వార్తలతో వస్తుంది, రోజూ చూసుకోండి.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉన్నవారు 2016 నవంబరు 21 గురించి తప్పక తెలుసుకోవాలి. అక్కడ నవంబరంటే వసంతం చివర, రై గడ్డి పూసే కాలం. ఎండ మండిన ఆ సాయంత్రం ఉరుముల గాలివాన నగరం మీదికి వచ్చింది. మామూలుగా పుప్పొడి రేణువు పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది. తేమ పీల్చుకుని పగిలితే మాత్రం ఒక్కో రేణువులోంచి వందల సూక్ష్మకణాలు బయటపడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. కొన్ని గంటల్లోనే వేలమంది ఊపిరాడక ఆస్పత్రులకు పరుగెత్తారు. 10 మంది చనిపోయారు. ఆస్తమా ఉందని ఎన్నడూ తెలియనివారు, ఏటా తుమ్ములే తప్ప మరేమీ లేవనుకున్నవారు ఆస్పత్రులకు వచ్చినవారిలో చాలామంది ఉన్నారు. భారత ఉపఖండం నుంచి, ఆసియా నుంచి వెళ్లినవారు జనాభాలో తమ వాటాకు మించి దెబ్బతిన్నారు.

అందుకే తుమ్ములతో పాటు రాత్రి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు ఉంటే ముక్కు జబ్బని వదిలేయకండి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి. పుప్పొడి కాలంలో ఉరుములొస్తుంటే గాలివాన మొదలయ్యేలోపే ఇంట్లోకి వచ్చి తలుపులు, కిటికీలు మూయండి. ఇది విదేశాల్లో ఉన్నవారికే కాదు, ఆస్తమా ఉన్న ఎవరికైనా మంచిదే.

‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అన్న మాట మన ఇళ్లలో ఎందరి ఊపిరినో బిగించింది. రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను బాగున్న రోజున కూడా వాడాలి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకోవడం కొందరి నమ్మకం. వెళ్లేవారు వెళ్లండి, కానీ ఇన్‌హేలర్‌ను జేబులోంచి తీయకండి, ఆపకండి.

మందులన్నీ వాడినా ఏటా సీజను భారంగా గడుస్తుంటే ఏ పుప్పొడి పడదో తేల్చే చర్మపరీక్ష చేయించుకోవచ్చు. దానికి ముందు అలర్జీ మాత్రలు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరునే అడగండి. పడని పుప్పొడినే ఇంజెక్షన్లుగా కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే చికిత్స లండన్‌లో 1911 నుంచీ ఉంది. మూడు నుంచి ఐదేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఇంజెక్షన్ ఇంట్లో వేయించుకోకండి. వేశాక ఆస్పత్రిలో అరగంట కూర్చోవాల్సిందే, అరుదుగానైనా ఒళ్లంతా అలర్జీ పొంగవచ్చు.

ఊపిరి అందక మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలమవుతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి, ఆస్ట్రేలియాలో అయితే 000కి ఫోన్ చేయండి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్ అనే గొట్టానికి తగిలించి ఒక్కో పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి, ఒక్కో పఫ్‌కు నాలుగుసార్లు ఊపిరి పీల్చనివ్వండి. నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నాలుగు ఇవ్వండి. అంబులెన్స్ వచ్చేదాకా ఇలాగే ఇస్తూ ఉండండి.